పుంగనూరు పొట్టి ఆవు

పాకాల జంక్షనులో ధర్మవరము వైపు పోవు రైలెక్కిన శ్రోతలకు ఆ దారి గుర్తుండును. పీలేరు, వాయల్పాడు, మదనపల్లె దాటువరకు గుట్టలు, ఎర్రనేలలు, వాన కోసము ఎదురు చూచు మెట్టచేలు. ఈ మార్గమునకు దక్షిణమున పుంగనూరు ఉన్నది. నడిమి ఎత్తు కూడ దాటని ఆ చిన్న ఆవుకు ఈ ఊరి పేరే పేరైనది.

పుంగనూరు జమీందారులు ఈ జాతిని ఆదరించి పెంచిరని ఇక్కడివారు చెప్పుకొందురు. ఆదరణ మాట నిజమే కావచ్చును గాని, అసలు ఎంపిక చేసినది కరువని నా అభిప్రాయము. మేత కరవైన ఏట పెద్ద పశువు ముందుగా డస్సిపోవును. కొద్దిపాటి వరిగడ్డితో, గట్టున మొలిచిన గరికతో ప్రాణము నిలుపుకొన్నదే మరుసటి ఏడు ఈనును. తరతరములుగా ఇట్లు జరిగినచో ఒళ్లు చిన్నదగుటలో వింత లేదు.

దీని ఎత్తు సుమారు 70 మొదలు 100 సెంటీమీటర్లు. నుదురు వెడల్పు, కొమ్ములు పొట్టి, తోక మాత్రము నేలనంటునంత పొడుగు. తెలుపు, బూడిద, గోధుమ, ఎరుపు రంగులు కలవు. రోజుకు 3 మొదలు 5 లీటర్ల పాలిచ్చును. ఆ పాలలో వెన్న నూటికి 8 పాళ్లని తరచుగా వినుచుందుము. ప్రతి ఆవుకు అంత రాదు. అయినను మామూలు ఆవుపాలలోని 3, 4 పాళ్ల కంటె ఇది చిక్కనిదే. కోడెలు తేలిక నేలల దుక్కికి పనికివచ్చెడివి.

1948 నాటి చట్టముతో జమీందారీలు పోయినవి. పిమ్మట జెర్సీ, హోల్‌స్టీన్ సంకరములు వచ్చినవి. బిందె నిండు పాలు చూచిన రైతు చిన్న ఆవును వదలుకొన్నాడు. అతనిని తప్పుపట్టలేము, పాలకేంద్రములో కొలత లీటర్లలోనే గదా. జాతి అంతరించు స్థితికి వచ్చినప్పుడు పలమనేరులోని పశు పరిశోధన క్షేత్రము దానిని కాపాడినది.

2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతట ప్రచారమైనవి. గిరాకీ పెరిగినది, ధర లక్షలకు పోయినది. ఇప్పుడు కొనువారు అడుగునది ఎత్తు ఒక్కటే. ఎంత పొట్టిదైన అంత ప్రియము. ముద్దుకొరకు మరింత చిన్నదిగా పెంచిన పెయ్యను ఇంటి వసారాలో కట్టి దాణా పెట్టినచో, ఎండకు, వట్టిమేతకు ఓర్చు గుణమును పరీక్షించువారెవరు? ఆ గుణము నిలువవలెనన్న కొన్ని మందలైనను ఈ గుట్టల నడుమనే, రైతుల చేతనే మేయవలెను.