తుప్పు నివారణ చరిత్ర: కోనసముద్రం ఉక్కు నుంచి కారు బ్రేకు డిస్కు దాకా

ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో, తడితో కలిసి ఎర్రటి పొడిగా మారడమే తుప్పు, లేదా చిలుము. అల్యూమినియం మీద కూడా ఇలాంటి పొరే ఏర్పడుతుంది. కానీ అది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని కింది భాగాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు గుల్లబారి రాలిపోతుంది. కింద కొత్త లోహం బయటపడి దానికీ తుప్పు పడుతుంది. దీన్ని ఆపడానికి వచ్చిన ఉపాయాలు చాలావరకు లోహానికీ తడికీ మధ్య ఒక తెర కట్టేవే. నూనె, రంగు, జింకు పూత అన్నీ అంతే. కారు బ్రేకు డిస్కు దగ్గర ఈ ఉపాయం సగమే చెల్లుతుంది. బ్రేకు ప్యాడు ఒరుసుకునే ముఖానికి నూనె రాస్తే బండి ఆగదు, రంగు వేస్తే నాలుగు బ్రేకులకే ఊడిపోతుంది. పని చేసే ముఖం బోసిగా ఉండాల్సిందే. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇనుముతో బతికిన కమ్మరికీ రైతుకూ ఈ చిక్కు కొత్తది కాదు.

పాత ఇనుము

ఈ ప్రాంతంలో ఇనుము పని కనీసం శాతవాహనుల కాలం నాటిది. పెద్దపల్లికి దగ్గర్లోని పెద్దబంకూరులో 1970ల నాటి తవ్వకాల్లో వేల నాణేలతో పాటు ఇనుప పనిముట్లు, కమ్మరి పని ఆనవాళ్లు దొరికాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాల, దానికి దక్షిణాన ధూళికట్ట అదే కాలపు జనావాసాలు. ఊరి శివార్లలో ఇప్పటికీ కనిపించే చిట్టెం కుప్పలు, అంటే ఇనుము కరిగించగా మిగిలిన నల్లటి మడ్డి దిబ్బలు, ఆ పని ఎంత విస్తారంగా సాగిందో చెబుతాయి. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్ జూలెఫ్, బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌కు చెందిన శారదా శ్రీనివాసన్, ఈ ప్రాంతపు ఇనుము మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎస్. జైకిషన్ కలిసి 2010లో ఉత్తర తెలంగాణ జిల్లాల ఊళ్లను గాలించి ఈ చోట్లను నమోదు చేశారు.

వీటన్నిటిలో పేరు మోసింది కోనసముద్రం. ఇది నిజామాబాద్ జిల్లా ఊరే అయినా కరీంనగర్ సరిహద్దును ఆనుకునే ఉంటుంది. లాంబ్టన్ నడిపిన భూ కొలతల సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ 1820ల మొదట్లో ఇక్కడికి వచ్చి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసిపెట్టాడు. అతడు 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి వచ్చిన వేర్వేరు ఇనుములను ఒక పాళ్లలో కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసేసి, ఒక పగలూ ఒక రాత్రీ కొలిమిలో ఉంచేవారు. తీసిన దిమ్మ మరీ పెళుసుగా ఉంటుంది కాబట్టి బంకమట్టి పూసి, మళ్లీ మళ్లీ వేడి చేసి మెత్తబరిచేవారు. కొనడానికి పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఊళ్లోనే మకాం వేసేవారు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయాలని చూసి, కుదరక, మళ్లీ ఇక్కడికే వచ్చారని వాయిసీ రాశాడు.

ఈ ఉక్కును పొగిడేవాళ్లు ఒక సంగతి దాటేస్తుంటారు. మూస ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం అటూ ఇటూగా ఉంటుంది, క్రోమియం ఉండదు. తడి తగిలితే దానికి మామూలు ఇనుములాగే తుప్పు పడుతుంది. ఇలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తి మీద అలలు అలలుగా కనిపించే నగిషీ కూడా ఒక రకంగా తుప్పు చలవే. నునుపు చేసిన కత్తికి ఆమ్లగుణమున్న ద్రావణం పూస్తే ఇనుము కొంచెం కరిగి నల్లబడుతుంది. గట్టి కార్బైడు చారలు కరగకుండా తెల్లగా మిగులుతాయి. అక్కడితో ఆపి, కడిగి, ఆరబెట్టి నూనె రాయాలి. నూనె రాయడం మానేస్తే ఎంత గొప్ప కత్తయినా పాడవుతుంది. పాత ఆయుధశాలల్లో కత్తుల సంరక్షణ అంటే ప్రధానంగా ఈ చాకిరీయే.

తుప్పు మాట వస్తే ఎప్పుడూ వినిపించే ఉదాహరణ ఢిల్లీ ఇనుప స్తంభం. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు తేల్చిందేమిటంటే, దానిలో భాస్వరం ఎక్కువ. ఆ భాస్వరం సాయంతో లోహం మీద పలుచని రక్షణ పొర స్థిరపడింది. దాన్ని చూపించి పాత ఇనుముకు అసలు తుప్పే పట్టదని మన దగ్గర కొందరు వాదిస్తారు. మ్యూజియంలో ఎర్రగా ఉబ్బిన గొడ్డళ్లనూ కొడవళ్లనూ ఒకసారి చూస్తే ఆ వాదన నిలవదు.

లండన్‌లో ఒక కమ్మరి కొడుకు

దక్షిణ భారతపు మూస ఉక్కు వూట్జ్ అన్న పేరుతో ఇంగ్లండు చేరింది. జార్జ్ పియర్సన్ 1795లోనే దాని మీద రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. తర్వాత కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, మైఖేల్ ఫారడే కలిసి దాన్ని విశ్లేషించి, అలాంటిదే చేయాలని ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, చివరికి క్రోమియం కూడా కలిపి చూశారు. వాళ్ల పత్రాలు 1820, 1822ల్లో వెలువడ్డాయి. ఫారడే తండ్రి కమ్మరి. తుప్పు పట్టని ఉక్కు దొరుకుతుందేమోనన్న ఆశ కూడా ఆ ప్రయోగాలకు ఒక కారణం. ఆశ అప్పుడు తీరలేదు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ దాదాపు 13 శాతం క్రోమియం కలిపినప్పుడు తీరింది. ఈలోగా 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. మన ఇళ్ల మీది జీఐ రేకులు ఆ పద్ధతి బిడ్డలే.

కోనసముద్రం కొలిములు మాత్రం 19వ శతాబ్దంలో చల్లబడుతూ వచ్చాయి. ఓడల్లో వచ్చిన చౌక ఇనుము ముందు అవి నిలవలేదు.

కొలిమి, కందెన

ఊరి కమ్మరి మిగిలాడు. అతడి చేతి పనిముట్లకు తుప్పు నివారణ అంటే వాడకమే. వానాకాలం దుక్కి దున్నే కర్రు మట్టిలో ఒరుసుకుని అద్దంలా మెరుస్తుంది. పని అయిపోయాక గోడకు ఆనించి వదిలేస్తే నెల తిరిగేసరికి ఎర్రబారుతుంది. అందుకే పని లేని కాలంలో మట్టి దులిపి, ఆముదం రాసి, పొయ్యి పొగ తగిలే అటక మీద పెట్టేవారు. దసరాకు పనిముట్లన్నీ తీసి తోమి, బొట్లు పెట్టి పూజించే ఆచారానికి ఏడాదికోసారి చిలుము వదిలించే పని కూడా కలిసొచ్చింది. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేవారు. కానీ చక్రానికి చుట్టిన ఇనుప పట్టాకు ఎవరూ నూనె పూయలేదు. రోడ్డే దాన్ని తోమేది.

బ్రేకు డిస్కు కథ కూడా అచ్చం ఆ కర్రు కథే.

డ్రమ్ము నుంచి డిస్కుకు

డిస్కు బ్రేకుకు 1902లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు తీసుకున్నాడు. అది జనం నోట్లో పడింది మాత్రం 1953లో, డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ లె మాన్ పోటీ గెలిచినప్పుడు. 1955లో సిట్రోయెన్ డీఎస్ దాన్ని పెద్ద ఎత్తున తయారయ్యే కారులోకి తెచ్చింది. మన దగ్గర చాలాకాలం అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలం, అంటే డ్రమ్ము బ్రేకుల కాలం. డ్రమ్ముకూ తుప్పు పడుతుంది. లోపల మూసి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. డిస్కు బయటికి తెరుచుకుని ఉంటుంది. త్వరగా చల్లబడుతుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. అలాగే అలాయ్ చక్రాల సందుల్లోంచి దాని చిలుమంతా ఊరికి కనిపిస్తుంది. తుప్పు గురించి యజమానుల ఆందోళనలో సగం ఈ కనబడటం వల్లే వచ్చింది.

డిస్కు మామూలుగా పోత ఇనుముతో చేస్తారు. అందులో కర్బనం మూడు శాతానికి పైగా ఉంటుంది. అది రేకుల్లాంటి గ్రాఫైటుగా పరుచుకుని ఉంటుంది. ఈ గ్రాఫైటు వేడిని త్వరగా లాగేస్తుంది, కీచు శబ్దాన్ని అణుస్తుంది. తడి తగిలినప్పుడు మాత్రం గ్రాఫైటూ ఇనుమూ కలిసి చిన్న చిన్న బ్యాటరీల్లా పనిచేసి తుప్పును ఉసిగొల్పుతాయి. మోటారు సైకిళ్ల డిస్కులు చాలావరకు స్టెయిన్‌లెస్ ఉక్కువి, అందుకే మెరుస్తుంటాయి. కారు బరువుకు పుట్టే వేడిని ఆ ఉక్కు అంత బాగా మోయలేదు, కాబట్టి కారులో పోత ఇనుమే రాజ్యం చేస్తోంది.

తయారీదారులు రెండు మార్గాల్లో ప్రయత్నించారు. ఒకటి, ప్యాడు తగలని భాగాలకు, అంటే మధ్య గిన్నెకూ అంచుకూ గాలి సందులకూ జింకు, అల్యూమినియం పొలుసులున్న పూత వేయడం. పనిచేసే ముఖం మీది పూతను మొదటి కొన్ని బ్రేకులే తుడిచేస్తాయి. మిగతా చోట్ల ఏళ్ల తరబడి ఉంటుంది. తొలి పూతల్లో విషపూరితమైన క్రోమియం సమ్మేళనం ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. రెండోది, డిస్కు పైపొరలోకి వేడి మీద నత్రజని, కర్బనం ఎక్కించడం. అమెరికాలో జనరల్ మోటార్స్ ఈ దారి పట్టింది. అక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, డిస్కులు రెండు మూడేళ్లకే గుల్లవుతాయి. షికాగోలోనో న్యూజెర్సీలోనో ఉంటున్న కరీంనగర్ వాళ్లకు ఈ ఉప్పు తుప్పు బాగా తెలుసు. ఆ అనుభవంతో వాళ్లు ఫోన్‌లో ఇంటి దగ్గరి కారుకు చెప్పే జాగ్రత్తలు మాత్రం ఇక్కడ అక్కర్లేనివి.

ఈ నేల, ఈ వాన

ఉత్తర తెలంగాణకు సముద్రం దూరం. విశాఖ ఉప్పుగాలి ఇక్కడ లేదు, ఎండాకాలం గాలిలో తేమ అడుగంటుతుంది. ఇనుముకు తుప్పు వేగంగా పట్టాలంటే గాలిలో తేమ సుమారు 60 శాతం దాటాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ మాటే లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పరిస్థితి తిరగబడుతుంది. తెలంగాణలో వానలు ఎక్కువ పడేది ఆదిలాబాద్ వైపే. వాన తగ్గాక చలికాలపు మంచు మొదలవుతుంది. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు బయట నిలిపిన కారు డిస్కు మీద తెల్లారేసరికి పలుచని నారింజ పొర కనిపిస్తే కంగారు పడాల్సింది ఏమీ లేదు. మొదటి నాలుగైదు బ్రేకులతో ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. బండి కదిలించగానే టక్‌మని చప్పుడు రావడం కూడా మామూలే. తడి ప్యాడు డిస్కుకు అంటుకుని ఊడిందన్న మాట.

అసలు హాని చేసేది నిలిచిపోయిన బండి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో దుబాయి సొమ్ముతో కొన్న కార్లు యజమాని తిరిగొచ్చేదాకా రేకుల షెడ్డులో నెలల తరబడి ఉండిపోతాయి. ప్యాడు ఆనుకున్న చోట తడి ఆరదు. అక్కడ ప్యాడు ఆకారంలోనే గుంట పడుతుంది, తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ కింద దడదడ మొదలవుతుంది. వెనక డ్రమ్ముల్లో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే షూలు పట్టేస్తాయి. ఇలాంటి బండికి హ్యాండ్‌బ్రేకు బదులు గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు ఆనించడం మేలు. వారానికోసారి ఇంట్లోవాళ్లు ఐదారు కిలోమీటర్లు నడిపి, మధ్యమధ్య గట్టిగా బ్రేకు తొక్కితే చాలు. ఇంజను ఊరికే స్టార్టు చేసి ఆపేస్తే బ్యాటరీ ఊరట చెందుతుందేమో గాని డిస్కుకు దక్కేదేమీ లేదు.

కడిగించిన వెంటనే బండిని షెడ్డులో పెట్టేయడం ఇంకో పొరపాటు. ఒక చుట్టు తిప్పి, బ్రేకులు వేడెక్కేలా తొక్కి, అప్పుడు నిలపాలి. కడెం, పెన్‌గంగ పరీవాహకంలో వాగు దాటిన తర్వాత కూడా ఇదే పని. మెల్లగా నడుపుతూ పెడల్ మీద తేలికగా కాలు ఆనిస్తే నీరు ఆవిరైపోతుంది. మహబూబ్ ఘాట్ లాంటి దిగుడు దారి ముందుంటే ఇది మరీ ముఖ్యం. బురద నీళ్లలో మునిగిన బండి మాటే వేరు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ విప్పి, జారే పిన్నులు శుభ్రం చేసి, వేడిని తట్టుకునే గ్రీజు పెట్టాలి. ఎరువుల బస్తాలు మోసే బండ్లకు పొటాష్ పొడి ఉప్పులాగే శత్రువు. అడుగు భాగం కడిగించాలి.

డిస్కు మీద తుప్పు వదిలే స్ప్రే కొడతామనే మెకానిక్‌ను అక్కడే ఆపాలి. ఆ నూనె ప్యాడులోకి ఇంకితే ప్యాడు మార్చడమే గతి. తుప్పును నల్లటి గట్టి పొరగా మార్చే ద్రావణాలు మధ్య గిన్నెకు వాడొచ్చు. వీటిల్లో కొన్నిటికి ఆధారం టానిన్. తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్కలోంచి తీసేదీ ఆ జాతి రసాయనమే. గుంటలు లోతుగా పడితే లేత్ మీద ఫేసింగ్ కొట్టిస్తారు. డిస్కు మీద చెక్కి ఉండే కనీస మందం కంటే తగ్గితే కొత్తది వేయించాలి. కొత్త డిస్కుకు కంపెనీ పూసిన రక్షణ నూనెను క్లీనరుతో తుడవకుండా బిగించడం మన వర్క్‌షాపుల్లో తరచూ జరిగే తప్పు. బ్రేకు ఆయిలు గాలిలోంచి తేమను పీల్చుకుని కాలిపర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. బయటి తుప్పు చూసి భయపడేవాళ్లు కూడా దాన్ని రెండేళ్లకోసారి మార్పించడం మరచిపోతారు.

విద్యుత్ కార్లు

విద్యుత్ కార్లతో ఈ చరిత్ర కొత్త మలుపు తిరిగింది. పెడల్ తొక్కగానే చాలా కార్లలో ముందు మోటారే జనరేటరుగా మారి వేగం తగ్గిస్తుంది. ప్యాడ్లకు పని తగ్గి, డిస్కు ఒరుసుకోకుండా రోజులు గడిచిపోతాయి. ఖరీదైన బండి డిస్కే ముందుగా ఎర్రబారుతుంది. దీనికి జవాబుగా ఫోక్స్‌వాగన్ తన ఐడీ.3, ఐడీ.4 కార్లకు వెనక మళ్లీ డ్రమ్ములే పెట్టింది. ఇంకో దారి గట్టి పూత. పోర్షె 2017లో కయెన్ కారుకు టంగ్‌స్టన్ కార్బైడు పూసిన డిస్కు ఇచ్చింది. పోత ఇనుము మీద ఈ పూత ఒరిపిడికి నిలిచే తెర కడుతుంది, ధర కూడా అలాగే ఉంది. యూరప్‌లో 2026 నవంబరు నుంచి కొత్త నమూనా కార్లకు వర్తించే యూరో 7 నిబంధనలు బ్రేకు దుమ్ముకూ హద్దు పెట్టాయి. బ్యాటరీ కారుకు కిలోమీటరుకు 3 మిల్లీగ్రాములు, పెట్రోలు కారుకు 7. తక్కువ అరిగే డిస్కుకు తుప్పూ తక్కువ పట్టేలా పూతలు చేస్తున్నారు కాబట్టి, ఈ నిబంధన వాటిని మామూలు కార్లలోకి దించే అవకాశం ఉంది. అప్పటిదాకా విద్యుత్ కారున్నవాళ్లకు ఒక చిన్న చిట్కా ఉంది. చాలా నమూనాల్లో గేరు న్యూట్రల్‌లో ఉంటే మోటారు బ్రేకు పనిచేయదు. సమతలంగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద వారానికోసారి అలా పెట్టి నాలుగుసార్లు పెడల్ తొక్కితే డిస్కు మళ్లీ తెల్లబడుతుంది.