లైసెన్సు నుంచి ఛార్జింగ్ దాకా: మన దేశంలో కారు పరిశ్రమ, విద్యుత్ వాహనాల రాక

విద్యుత్ వాహనం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది కారు. పత్రికల్లో ప్రకటనలూ, టీవీల్లో చర్చలూ దాని చుట్టూనే తిరుగుతుంటాయి. లెక్కలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో సుమారు 19 లక్షల 60 వేల విద్యుత్ వాహనాలు రిజిస్టరయ్యాయి. వాటిలో కార్లు లక్షకు కొద్దిగా ఎక్కువ, అంటే దాదాపు ఇరవైలో ఒకటి. మిగిలినవి చాలావరకు స్కూటర్లు, ఈ-రిక్షాలు, ఆటోలు. అదే సంవత్సరం అమ్ముడైన కొత్త మూడు చక్రాల వాహనాల్లో సగానికి మించి విద్యుత్‌తో నడిచేవే. ద్విచక్ర వాహనాల్లో ఆ వాటా నూటికి ఆరు. కార్లలో రెండు, మూడు మధ్య.

డబ్బున్నవారు కొనే వాహనం వెనకబడి, రోజు కూలీ మీద బతికేవారు నడిపే వాహనం ముందుకు ఎందుకు వెళ్ళింది? నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది విద్యుత్ కార్లే. చైనాలో ఆ వాటా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లను కలుపుకుంటే, సగానికి దగ్గరగా వచ్చింది. ఆ దేశాల అనుభవాన్ని మన మీద పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. మన పరిశ్రమ పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

కొరత రోజులు

బ్రిటిష్ పాలనలో కార్లు విడిభాగాలుగా ఓడల్లో వచ్చేవి. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో వాటిని బిగించే కర్మాగారం పెట్టింది. తరువాత ఫోర్డ్ కూడా వచ్చింది. ఇక్కడ జరిగేది బిగింపే కాని తయారీ కాదు. ఈ తేడాను గుర్తించి, స్వదేశంలోనే కారు తయారు కావాలని 1930లలో పట్టుబట్టినవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఒకరు. మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణ పథకాన్ని రూపొందించిన ఇంజనీరుగానే ఆయన మనవాళ్ళకు ఎక్కువగా తెలుసు. 1935లో ఆయన ఐరోపా, అమెరికా దేశాలు తిరిగి కార్ల పరిశ్రమను పరిశీలించి ఒక పథకం తయారు చేశారు. వాల్‌చంద్ హీరాచంద్ దానికి పెట్టుబడి సమకూర్చడానికి ముందుకొచ్చారు. వలస ప్రభుత్వం సహకరించలేదు. చివరికి 1942లో బిర్లాల హిందూస్థాన్ మోటార్స్, 1944లో వాల్‌చంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఏర్పడ్డాయి.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యం ఈ పరిశ్రమను తన చేతిలోకి తీసుకుంది. పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1951లో వచ్చింది. ఇక్కడే తయారు చేసే పథకం లేని సంస్థలకు చోటు లేదని 1953లో టారిఫ్ కమిషన్ తేల్చడంతో అమెరికన్ కంపెనీలు వెళ్ళిపోయాయి. హిందూస్థాన్ మోటార్స్ అంబాసిడర్, ప్రీమియర్ ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మిగిలాయి. ఎవరు ఎన్ని కార్లు చేయాలన్నది లైసెన్సు చెప్పేది. కొంతకాలం ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. 1957లో వచ్చిన అంబాసిడర్ 2014 దాకా పెద్ద మార్పు లేకుండా నడవడానికి దాని గొప్పతనం ఒక్కటే కారణం కాదు. పోటీ లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

అయితే నాటి విధానాన్ని పూర్తిగా తప్పుపట్టడం ఈ రోజుల్లో ఒక ఆనవాయితీ అయింది. నేను దానితో ఏకీభవించను. విదేశీ మారకద్రవ్యం లేని దేశం కారును విలాస వస్తువుగా చూడటంలో అర్థముంది. ఇంజను బ్లాకు పోత పోయడం, గేరు చక్రాలు కోయడం తెలిసిన కార్మికులు తయారైంది ఆ రోజుల్లోనే. తప్పు జరిగింది స్కూటరు విషయంలో. అది విలాసం కాదు, గుమాస్తాకూ ఉపాధ్యాయుడికీ అవసరం. దాన్ని కూడా అదే కొరతలోకి నెట్టారు. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో స్కూలు టీచరు. 1974లో డిపాజిట్ కట్టి స్కూటరు బుక్ చేశారు. అది మా ఇంటికి వచ్చేసరికి నేను డిగ్రీ పూర్తి చేశాను. వచ్చిన రోజునే ఒక వ్యాపారి ఇంటికొచ్చి, కంపెనీ ధర కంటే ఎక్కువిస్తాను, నాకే ఇవ్వండి మాస్టారూ అని అడిగాడు. కొత్తదాని కంటే చేతికందే పాతదానికి ఎక్కువ ధర పలికే విపణి ఎలా ఉంటుందో నాకు అర్థశాస్త్రం పుస్తకం కంటే ముందు ఆ వ్యాపారి నేర్పాడు.

తలుపులు తెరుచుకున్నాక

1980ల ఆరంభంలో దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు నలభై వేలకు అటూ ఇటూ ఉండేవి. సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టి విఫలమైన మారుతిని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, 1981లో మారుతి ఉద్యోగ్‌గా మార్చింది. మరుసటి ఏడాది జపాన్‌కు చెందిన సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలను కొనుగోలుదారుకు అందించారు. ఇక్కడొక విచిత్రాన్ని గమనించండి. లైసెన్సు రాజ్యాన్ని లోపలి నుంచి కదిలించింది ప్రైవేటు సంస్థ కాదు, ప్రభుత్వ సంస్థే.

1991 సంస్కరణల తరువాత, 1993లో కార్లకు లైసెన్సు అవసరం తీసివేశారు. 1998లో శ్రీపెరుంబుదూరు నుంచి హ్యుందయ్ సాంత్రో, టాటా వారి ఇండికా వచ్చాయి. ఆ తరువాతి కథ మీకు కళ్ళ ముందే ఉంది. 2022లో అమ్మకాల్లో జపాన్‌ను దాటి మనది ప్రపంచంలో మూడో పెద్ద కార్ల విపణి అయింది. 2024-25లో కార్లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు కలిపి అమ్మకాలు 43 లక్షలు. తెలుగు ప్రాంతం ఈ పటంలోకి ఆలస్యంగా వచ్చింది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు చేసింది. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా చేతికి వెళ్ళింది. కారు కర్మాగారం అంటే 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉత్పత్తి మొదలుపెట్టిన కియానే చెప్పుకోవాలి. తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర పాలకులు రాజధానిని మార్చుకున్న ఊరు పక్కనే ఇప్పుడు విద్యుత్ కార్లు కూడా తయారవుతున్నాయి.

పైనుంచి వచ్చిన కారు, కిందనుంచి వచ్చిన రిక్షా

విద్యుత్ వాహనం మన దేశంలోకి రెండు దారుల్లో వచ్చింది. ఆ రెండు దారులూ ఎక్కడా కలవలేదు.

మొదటి దారి బెంగళూరుది. చేతన్ మైనీ బృందం 2001లో 'రేవా' అనే చిన్న కారును విడుదల చేసింది. లెడ్-యాసిడ్ బ్యాటరీలతో ఒక ఛార్జింగ్‌కు సుమారు 80 కిలోమీటర్లు నడిచేది. ఇక్కడ దాన్ని కొన్నవారు తక్కువ. లండన్‌లో మాత్రం 'జి-విజ్' పేరుతో బాగానే అమ్ముడైంది. 2003 నుంచి లండన్ నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద రద్దీ రుసుము విధించారు, అప్పట్లో విద్యుత్ కార్లకు అది లేదు. కారు ఒకటే, ఇంజనీర్లు వారే. రెండు నగరాల విధానాలు వేరు కావడంతో ఫలితమూ వేరైంది. 2010లో మహీంద్రా రేవాను కొనుగోలు చేసింది.

రెండో దారికి కర్త పేరు లేదు. 2010 ప్రాంతంలో ఢిల్లీ వీధుల్లో ఈ-రిక్షాలు కనిపించసాగాయి. చైనా నుంచి వచ్చిన మోటార్లు, విడిభాగాలు, స్థానికంగా దొరికే లెడ్-యాసిడ్ బ్యాటరీలు, చిన్న షెడ్లలో వెల్డింగు. రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు, బీమా లేదు. మెట్రో స్టేషన్ నుంచి ఇంటి దాకా పది రూపాయలకు తీసుకెళ్ళే బండి అది. తొక్కుడు రిక్షాతో ఊపిరితిత్తులు అరగదీసుకున్న మనిషికి అది నిజమైన విముక్తి. 2014 జులై 31న భద్రతా కారణాలతో ఢిల్లీ హైకోర్టు వాటిని నిషేధించింది. అప్పటికే వేలాది కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి. కేంద్రం ముందు నియమాలు మార్చి, 2015లో మోటారు వాహనాల చట్టాన్నే సవరించింది. గంటకు 25 కిలోమీటర్ల వేగం, నలుగురు ప్రయాణికులు అన్న పరిమితులతో ఈ-రిక్షా చట్టబద్ధమైంది.

చరిత్ర విద్యార్థిగా దీన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కారు విషయంలో ముందు అనుమతి, తరువాత వాహనం. ఈ-రిక్షా విషయంలో ముందు వాహనం, తరువాత చట్టం. పైగా విద్యుత్ వాహనాలకు కేంద్రం ఇచ్చిన ప్రధాన రాయితీ పథకం 'ఫేమ్' రెండో దశలో, అంటే 2019 నుంచి, లెడ్-యాసిడ్ బ్యాటరీల బండ్లకు రాయితీ లేదు. అంటే ఈ-రిక్షాల్లో అత్యధిక భాగం ఆ సాయం లేకుండానే పెరిగాయి. ఉత్తరప్రదేశ్, బీహార్, అస్సాం పట్టణాల్లో వీటిని చూసినంతగా మన ఊళ్ళలో చూడం. మనకు ఆటో, షేర్ ఆటో ముందే స్థిరపడి ఉన్నాయి.

కిలోమీటరు లెక్క

ఈ తేడా వెనక ఒక సాదా లెక్క ఉంది. కాగితం మీద వేసి చూడండి. ఒక పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు ధర 107 రూపాయలైతే కిలోమీటరుకు ఏడు రూపాయల పైన పడుతుంది. అదే పరిమాణం గల విద్యుత్ కారు ఒక యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్లు నడిచి, ఇంటి దగ్గర యూనిట్ ఎనిమిది రూపాయలకు దొరికితే కిలోమీటరుకు ఒక రూపాయి. ఆదా ఆరు రూపాయలు. విద్యుత్ కారు ధర నాలుగు లక్షలు ఎక్కువ అనుకుంటే, ఆ నాలుగు లక్షలు తిరిగి రావడానికి సుమారు 67 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీకి రెండేళ్ళ లోపే వస్తుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి తొమ్మిదేళ్ళు దాటుతుంది.

బండి ఎంత ఎక్కువ తిరిగితే విద్యుత్ అంత లాభం. రోజంతా తిరిగేది రిక్షా, ఆటో, సరుకులు చేర్చే స్కూటరు. ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడేది సొంత కారు. అందుకే పొదుపు కోరే కారు యజమాని విద్యుత్ కంటే సీఎన్‌జీ వైపు మొగ్గాడు. 2024-25లో అమ్ముడైన కార్లలో ఇంచుమించు ఐదింట ఒకటి సీఎన్‌జీదే. దేశంలో అందరికంటే పెద్ద కార్ల కంపెనీ మారుతి తన మొదటి విద్యుత్ కారు ఇ-విటారా ఉత్పత్తిని 2025 ఆగస్టులో గానీ గుజరాత్‌లో మొదలుపెట్టలేదు. 2020 జనవరిలో విద్యుత్ నెక్సాన్‌ను తెచ్చిన టాటాకు మొదటి కొన్నేళ్ళు దాదాపు ఎదురులేకుండా పోయింది.

లెక్క మారుతోంది కూడా. లిథియం-అయాన్ బ్యాటరీ ప్యాకు ధర 2010లో ఒక యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లు పైన ఉండగా, 2024 నాటికి ప్రపంచ సగటు 115 డాలర్ల దగ్గరికి దిగింది.

మళ్ళీ రాజ్యం, మళ్ళీ దిగుమతి

లైసెన్సు పోయిందంటే రాజ్యం పక్కకు తప్పుకుందని అర్థం కాదు. దాని పనిముట్లు మారాయి. 2013లో ప్రకటించిన జాతీయ విద్యుత్ రవాణా ప్రణాళిక 2020 నాటికి 60-70 లక్షల వాహనాలు అంది. ఆ దరిదాపులకు కూడా చేరలేదు. 2015లో ఫేమ్ మొదటి దశ, 2019లో పది వేల కోట్లతో రెండో దశ, 2024 అక్టోబరు నుంచి 10,900 కోట్లతో పీఎం ఈ-డ్రైవ్ వచ్చాయి. విద్యుత్ వాహనాల మీద జీఎస్టీని 2019 ఆగస్టులో 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. తెలంగాణ ప్రభుత్వం 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు విద్యుత్ కార్ల ఆధిక్యం కొంత కరిగింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం మన పన్నుల విధానంలో కొత్త కాదు.

భద్రత విషయంలో నియమాలు మళ్ళీ ఆలస్యంగానే వచ్చాయి. 2022 వేసవిలో పలుచోట్ల స్కూటర్లు అంటుకున్నాయి. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో కింది అంతస్తులో విద్యుత్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తుల హోటల్లో ఉన్న ఎనిమిది మంది చనిపోయారు. బ్యాటరీ పరీక్షల నిబంధనలను కఠినం చేసింది ఆ ఏడాది ప్రమాదాలు చూశాకే.

అన్నిటికంటే బరువైన ప్రశ్న విశ్వేశ్వరయ్య నాటిదే: ఇది తయారీయా, బిగింపా? మన విద్యుత్ వాహనాల్లోని లిథియం సెల్స్ అధిక భాగం దిగుమతులే, ముఖ్యంగా చైనా నుంచి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన భూలోహాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే ఇక్కడ మోటార్ల తయారీ చిక్కులో పడింది. సెల్స్ ఇక్కడే చేయించడానికి కేంద్రం 2021లో 18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. పని అనుకున్నంత వేగంగా సాగలేదు. తిరుపతి కేంద్రంగా లెడ్-యాసిడ్ బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్స్ కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. పాత బ్యాటరీ సంస్థ కొత్త బ్యాటరీకి మారగలదా అన్నది చూడవలసిన విషయం.

ఇక విజయవాడ ఆటోనగర్. లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజను బోరు చేసేవారు, రేడియేటర్లు అతికేవారు, పాత విడిభాగాలు అమ్మేవారు అక్కడ తరాల తరబడి ఉన్నారు. విద్యుత్ బండికి పిస్టన్ లేదు, క్లచ్ లేదు, ఆయిల్ మార్చే పని లేదు, సైలెన్సర్ లేదు. బాడీ కట్టేవారికి పని ఉంటుంది. ఇంజను మెకానిక్‌కు ఏముంటుంది? రిపేరుకు కావలసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉంటే వీధి మెకానిక్ బండిని తెరవనూ లేడు. మీలో కొందరు పగలు ఇలాంటి పనుల్లో ఉండి రాత్రి ఈ పాఠాలు చదువుతున్నారని సంప్రదింపు తరగతుల్లో విన్నాను. కింది కృత్యం వారికి తేలిక, మిగతావారికి అవసరం.

కృత్యం: మీ ఊరి ఆటో స్టాండులో ఒక డీజిల్ లేదా గ్యాస్ ఆటో నడిపేవారిని, ఒక విద్యుత్ ఆటో నడిపేవారిని కలవండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఇంధనానికి లేదా ఛార్జింగ్‌కు ఎంత ఖర్చు, నెల వాయిదా ఎంత, బండి ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు అని అడిగి రాసుకోండి. పైన ఇచ్చిన కిలోమీటరు లెక్కను వారి అంకెలతో మళ్ళీ వేయండి. మీ జవాబు నా లెక్కతో తేడా వస్తే, వారి అంకెలనే నమ్మండి, ఆ తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీలో రాయండి.