Driving Licence: డ్రైవింగ్ లైసెన్సు తేలిగ్గా రావాలా.. కష్టంగా రావాలా? రూల్స్ ఏం చెబుతున్నాయి.. జరుగుతున్నదేంటి?

బండి నడపడం వచ్చు, కానీ లైసెన్సు లేదు. లైసెన్సు ఉంది, కానీ బండి నడపడం సరిగా రాదు. ఈ ఇద్దరూ మన చుట్టుపక్కలే ఉంటారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ డేంజర్?

కనిగిరినే తీసుకోండి. నకిరేకల్ నుంచి ఏర్పేడు వైపు వెళ్లే 565 నంబర్ జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. అదే రోడ్డు మీద లారీలు, ఆర్టీసీ బస్సులు, స్కూలు పిల్లల స్కూటీలు, మేత ట్రాక్టర్లు అన్నీ కలిసి తిరుగుతాయి. మిరప కోతల సీజన్ వచ్చిందంటే తెల్లారకముందే కూలీలతో ఆటోలు బయల్దేరతాయి. స్టీరింగ్ పట్టిన ఒక్క మనిషి చేతిలో పది, పదిహేను ప్రాణాలు ఉంటాయన్నమాట.

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిరప కోతలకు వెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. కనీసం 9 మంది చనిపోయారు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. అందుకే లైసెన్సు అనేది ఫోటో ఉన్న కార్డు మాత్రమే కాదు. వెనక కూర్చున్న వాళ్లకు, ఎదురుగా వచ్చే వాళ్లకు ఇచ్చే భరోసా.

మరి ఆ భరోసా ఎలా వస్తోంది? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ఏ వయసుకు ఏ బండి?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం కారుకైనా, గేరు బైకుకైనా 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకే నడపొచ్చన్న రూల్ 50 సీసీ లోపు బండ్లకు మాత్రమే. "స్కూటీకి గేర్లు లేవు కదా, పదో తరగతి పిల్లాడు నడిపితే ఏంటి?" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే స్కూటర్లలో ఎక్కువ భాగం 100 సీసీ పైనే. వాటికి 18 నిండాల్సిందే. లారీ, బస్సు లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండ్లకైతే 20 ఏళ్లు.

ఎల్‌ఎల్‌ఆర్ నుంచి లైసెన్సు దాకా

మొదట ఎల్‌ఎల్‌ఆర్. రోడ్డు గుర్తులు, డ్రైవర్ బాధ్యతల మీద ప్రశ్నలు అడుగుతారు. 60 శాతం సరైన సమాధానాలు చెబితే పాస్. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. అయితే వచ్చిన మర్నాడే టెస్టుకు వెళ్లడానికి కుదరదు. కనీసం 30 రోజులు ఆగాలి. ఆ నెల రోజులు ఎందుకిచ్చారంటే నేర్చుకోవడానికి. బండికి ఎర్ర రంగు 'ఎల్' అక్షరం పెట్టుకోవాలి. కారైతే పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ జేబులో పెట్టుకుని బైకు మీద ఫ్రెండ్‌ని ఎక్కించుకుని తిరిగితే అది రూల్‌కి విరుద్ధమే.

ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు డ్రైవింగ్ టెస్టు. ఫెయిలైతే 7 రోజుల తర్వాత మళ్లీ రావొచ్చు. మూడుసార్లు ఫెయిలైతే మాత్రం 60 రోజులు ఆగాలి.

కేంద్రం పెట్టిన ఫీజులు ఇవీ: ఎల్‌ఎల్‌ఆర్‌కు రూ.150, దాని టెస్టుకు రూ.50, డ్రైవింగ్ టెస్టుకు రూ.300, లైసెన్సుకు రూ.200. రాష్ట్రం సర్వీస్ ఛార్జీలు అదనం. ఇంతకు మించి వేలల్లో అడుగుతున్నారంటే అది ఏజెంట్ రేటే తప్ప గవర్నమెంట్ ఫీజు కాదు.

30 ఏళ్ల లోపు తీసుకుంటే 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. గడువు దాటి ఏడాది అయిపోతే మళ్లీ టెస్టుకు వెళ్లాల్సిందే.

అసలు టెస్టులో ఏముండాలి?

ఇక్కడే అసలు మ్యాటర్ ఉంది. మన దగ్గర టెస్టు అంటే బైకుతో '8' వేయడం, కారుతో నాలుగు అడుగులు ముందుకు, రెండు అడుగులు వెనక్కి.. అంతే అనుకుంటాం. కానీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 15వ రూల్ చూస్తే ఆశ్చర్యపోతారు. ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించాలి. ఓవర్‌టేక్ చేయాలి, వెనక బండికి దారి ఇవ్వాలి. సడన్‌గా ఆపాల్సి వస్తే కంట్రోల్ తప్పకుండా ఆపాలి. రివర్స్ రావాలి. అద్దం చూడాలి, సిగ్నల్ ఇవ్వాలి. ఇవన్నీ రాసే ఉన్నాయి. అంటే రూల్ ఎప్పుడూ తేలిగ్గా లేదు. మనమే తేలిక చేసేసుకున్నాం.

దేశంలో 30 శాతం లైసెన్సులు బోగస్ అని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2019లో లోక్‌సభలోనే చెప్పారు.

బ్రిటన్‌లో ఉన్న మన తెలుగు వాళ్లను అడిగి చూడండి. ఇక్కడి లైసెన్సుతో అక్కడ 12 నెలలే నడపొచ్చు. తర్వాత వాళ్ల టెస్టు పాస్ కావాలి. రాత పరీక్షలో 50కి 43 రావాలి. ప్రమాదాన్ని ముందే పసిగట్టగలరా లేదా అని వీడియోలు చూపించి మరో పరీక్ష పెడతారు. ఆపైన ట్రాఫిక్ ఉన్న అసలు రోడ్డు మీద దాదాపు 40 నిమిషాల డ్రైవింగ్. ఇక్కడ ఏళ్ల తరబడి కారు నడిపిన వాళ్లు కూడా అక్కడ మొదటిసారి ఫెయిలవడం మామూలే.

కష్టం పెంచితే సరిపోతుందా?

సరిపోదు. ఎందుకంటే కష్టం రెండు రకాలు. ఒకటి టెస్టులో ఉండే కష్టం. రెండోది ఆఫీసు చుట్టూ తిరిగే కష్టం. కనిగిరి నుంచి ఒంగోలు దాదాపు 80 కిలోమీటర్లు. రోజు కూలీ మీద బతికే కుర్రాడు స్లాట్ కోసం ఒకరోజు, టెస్టు కోసం ఒకరోజు, సర్వర్ పని చేయక మరోరోజు పోగొట్టుకుంటే ఏం చేస్తాడు? ఏజెంట్‌కి డబ్బులిస్తాడు, లేదా లైసెన్సు లేకుండానే తిరుగుతాడు. రెండు దారుల్లోనూ అతను నేర్చుకునేది ఏమీ లేదు.

2019లో కేంద్రం ఒక అడ్డు తీసేసింది. అంతకుముందు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 8వ తరగతి పాసై ఉండాలి. హర్యానాలోని మేవాత్ నుంచి వచ్చిన విన్నపంతో ఆ రూల్ ఎత్తేశారు. దేశంలో 22 లక్షల డ్రైవర్ల కొరత ఉందని అప్పుడు కేంద్రం చెప్పింది. బడి మధ్యలో మానేసి లారీ క్లీనర్‌గా చేరిన వాళ్లకు ఇది పెద్ద ఊరట. స్టీరింగ్ తిప్పడానికి మార్కుల లిస్టు ఎందుకు? నడపడం వస్తే చాలు. కానీ ఆ 'వస్తే' అన్నది గట్టిగా పరీక్షించాలి కదా!

టెస్టు లేకుండా లైసెన్సు.. నిజమేనా?

"ఇక ఆర్టీవో టెస్టు లేదు" అంటూ 2024 మేలో వాట్సాప్‌లో తెగ తిరిగింది. కొత్త రూల్ ఏమీ రాలేదని కేంద్రం క్లారిటీ ఇచ్చింది. 2021 జూలై 1 నుంచి ఉన్న రూలే అది. గుర్తింపు పొందిన ట్రైనింగ్ సెంటర్‌లో కోర్సు చేసి, అక్కడి టెస్టు పాసైతే ఆర్టీవో దగ్గర మళ్లీ టెస్టు అక్కర్లేదు. కారు కోర్సు 4 వారాలు, 29 గంటలు. వీధి చివర ఉండే ప్రతి డ్రైవింగ్ స్కూలుకూ ఇది వర్తించదు. సెంటర్‌కు కనీసం ఎకరం స్థలం, ట్రాక్ ఉండాలి.

టాటా ఏస్ నడిపేవాళ్లకు..

2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లు కూడా నడపొచ్చు. చిన్న గూడ్స్ బండ్ల మీద బతికే కుటుంబాలకు ఇది మంచి వార్త. అయితే గూడ్స్ బండిలో కూలీలను ఎక్కించుకోవచ్చని ఆ తీర్పు చెప్పలేదు. అది గుర్తుపెట్టుకోండి.

లైసెన్సు లేకపోతే ఏమవుతుంది?

2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా రూ.500 నుంచి రూ.5,000 అయింది. లైసెన్సు లేనివాళ్లకు బండి ఇచ్చిన ఓనర్‌కు కూడా రూ.5,000 దాకా పడుతుంది. మైనర్ నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా ఓనర్‌కు రూ.25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

వీటికంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్. లైసెన్సు లేని మనిషి ప్రమాదం చేస్తే, బాధితులకు కంపెనీ ముందు కట్టినా ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పగలవు. లక్షల్లో ఉండే ఆ మొత్తానికి పొలం అమ్ముకోవాల్సి రావొచ్చు.

మొత్తంగా చూస్తే లైసెన్సు కాగితం తేలిగ్గా దొరకాలి, లైసెన్సు టెస్టు కష్టంగా ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది దీనికి రివర్స్‌లో ఉంది. అది మారేదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే.. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక ఇచ్చే ఆ 30 రోజులు నిజంగా నేర్చుకోవడం. ఈ వేసవి సెలవుల్లో మీ ఇంట్లో ఎవరైనా స్కూటీ తాళం అడిగితే, ముందు వయసెంతో లెక్క చూసుకోండి.