తొలి బాలభట శిబిరము

సెలవులు వచ్చినంతనే స్కౌటు దళముల పెద్దలు పిల్లలను, వారి తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఏ మామిడితోటకో, ఏటి యొడ్డునకో పోయి రెండు రాత్రులు డేరాలలో గడపి రావలెనని తలపెట్టుట కలదు. చూచువారికది వనభోజనము వంటి వినోదము. నడపువారికి మాత్రము పెండ్లి పనులంత పని. డేరాలెన్ని కావలెను? బియ్యమెంత? మంచినీ రెచటనుండి? అర్ధరాత్రమున పసివానికి జ్వరము వచ్చినచో వైద్యుని పిలుచు వారెవరు? ఈ ప్రశ్నలన్నింటికంటె ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. ఎవరిని పిలువవలెను? పిలిచినవారిలో ఎవరి ప్రక్కన ఎవరు పండుకొనవలెను? బాలభటోద్యమము పుట్టినది ఈ ప్రశ్నతోనే.

ఆ ఉద్యమమునకు మూలపురుషుడైన రాబర్టు బేడెన్ పవెల్ 1857వ సంవత్సరమున లండనులో జన్మించెను. తండ్రి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. కుమారునకు మూడేండ్ల ప్రాయముననే ఆయన మరణించెను. సంసారభారము తల్లిపై బడినది. అయినను ఆమె బిడ్డలను ఇంట కట్టివేయలేదు. సెలవులలో అన్నదమ్ములు కలిసి పడవపై తిరుగుటయు, ఆరుబయట వండుకొనుటయు ఆ యింట అలవాటు. శిబిరజీవితము ఆయనకు మొదట తెలిసినది సైన్యములో కాదు, కుటుంబములోనే.

తరువాత ఆయన సైనికుడై భారతదేశమునను ఆఫ్రికాలోను పని చేసెను. 1899 అక్టోబరు నుండి 1900 మే వరకు 217 దినములు దక్షిణాఫ్రికాలోని మాఫెకింగు పట్టణము ముట్టడిలో నున్నపుడు దాని రక్షణాధికారి ఆయనయే. అచటి బాలురు వార్తలు మోయుట మొదలగు పనులు చేసిరి. బాధ్యత నప్పగించినచో బాలుడు దానిని నిలుపుకొనునని ఆయనకు కలిగిన నమ్మకమునకు ఆ యనుభవ మొక ఆధారము. స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట, విలియం అలెగ్జాండరు స్మిత్తు 1883లో గ్లాస్గో నగరమున స్థాపించిన బాయిస్ బ్రిగేడు అను బాలుర సంఘము ఆయన దృష్టి నాకర్షించెను. తన యూహను పరీక్షించి చూడవలెనని సంకల్పించెను.

పరీక్షకు దొరకిన చోటు బ్రౌన్సీ ద్వీపము. ఇంగ్లండు దక్షిణతీరమున, డార్సెట్ మండలములోని పూల్ రేవునందలి చిన్న దీవి అది. దాని యజమాని చార్లెస్ వాన్ రాల్టే సమ్మతించెను. బోర్న్‌మత్, పూల్ పట్టణముల బాయిస్ బ్రిగేడు నాయకులు ఏర్పాట్లలో తోడ్పడిరి. బేడెన్ పవెల్ ముందుగా బాలుర తల్లిదండ్రులకు లేఖలు వ్రాసెను. శిబిరమున ఏమి నేర్పుదురో అందు తెలిపి, భోజనము, వంట, పారిశుద్ధ్యము శ్రద్ధగా చూడబడునని హామీ యిచ్చెను. డేరా గుంజ పాతుటకు ముందే ఇంటివారి విశ్వాసము సంపాదింపవలెనని ఆయన ఎఱుగును.

1907 ఆగస్టు 1వ తేదీన శిబిరము మొదలైనది. చేరిన బాలురు ఇరువదిమంది యని సాధారణముగ చెప్పుదురు. వారిలో సగము మంది ఈటన్, హారో వంటి సంపన్నుల పాఠశాలలవారు. తక్కినవారు ఆ రెండు పట్టణముల బ్రిగేడు బాలురు, సామాన్య గృహముల బిడ్డలు. నాటి ఇంగ్లండులో ఈ రెండు తరగతుల పిల్లలు ఒకే పళ్ళెమునకు చేరుట అరుదు. రుసుమునందును ఆయన ఈ భేదము నెఱిగి వర్తించెను. ధనికుల బిడ్డకు ఒక పౌను, అనగా ఇరువది షిల్లింగులు. బ్రిగేడు బాలునకు మూడున్నర షిల్లింగులు మాత్రమే, అనగా ఆఱవవంతుకంటె కొంచెము ఎక్కువ. ఇచ్చినది వేరైనను, తిన్న తిండి యొక్కటే, పండుకొన్న డేరా యొక్కటే.

బాలురను తోడేళ్ళు, ఆబోతులు, కర్ల్యూ పక్షులు, బొంతకాకులు అను నాలుగు దళములుగా విభజించిరి. నీలము, ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగుల పట్టీలు భుజములపై ధరించి దళమును దళము గుర్తించెడిది. రెండు తరగతుల బాలురను ఒక్కొక్క దళములో కలిపి యుంచిరి. ప్రతి దళమునకు బాలుడే నాయకుడు. తనవారి నడవడికి అతడే బాధ్యుడు. ఉదయమున కుడూ అను ఆఫ్రికా జంతువు కొమ్ముతో చేసిన బూర మ్రోగెడిది. పరిశీలనము, అడవివిద్య, ప్రాణరక్షణము మొదలుగా ఒక్కొక్క దినమున కొక్కొక్క విషయము. రాత్రి నెగడు చుట్టు కథలు. రాత్రికొక దళము వంతున శిబిరమునకు దూరముగ పోయి, తన వంట తానే చేసికొని కావలి కాచెడిది. బేడెన్ పవెల్ అన్న కుమారుడు, తొమ్మిదేండ్ల డోనాల్డు, పినతండ్రికి పరిచారకుడుగ నుండెను. కడపట సందర్శకులయెదుట బాలురు తాము నేర్చిన విద్యలు ప్రదర్శించిరి.

లెక్కలు చూడగా వ్యయము 55 పౌనులు దాటినది. సుమారు 24 పౌనుల లోటు వచ్చినది. ఆ లోటును పూరించినది ప్రభుత్వము కాదు, సైన్యము కాదు. ఇద్దరు కుమారులను శిబిరమునకు పంపిన ఒక తండ్రి. ఇంటికిని శిబిరమునకును గల సంబంధము నెఱుగుటకు ఇంతకంటె మంచి నిదర్శన మక్కఱలేదు. మరుసటి యేడు ఆ యనుభవముతో “స్కౌటింగ్ ఫర్ బాయిస్” గ్రంథము వెలువడగా ఉద్యమము దేశదేశములకు వ్యాపించెను.

కాని ఈ కథకు మఱియొక ప్రక్క కూడ కలదు. ధనికుని బిడ్డను, పనివాని బిడ్డను ఒక డేరాలో పండుకొనబెట్టిన ఉద్యమము, 1909లో బెంగుళూరున కాలు మోపినపుడు యూరోపియనుల, ఆంగ్లో ఇండియనుల బాలురకే తలుపు తెఱచెను. భారతీయ బాలునకు ప్రవేశము లేదు. శిక్షణ పొందిన బాలురు రేపు తిరుగుబాటుదారు లగుదురేమో యని పాలకుల భయము. మనవా రా తలుపు నొద్ద నిలిచి బ్రతిమాలలేదు, తామే డేరాలు వేసికొనిరి. మద్రాసులో అనిబిసెంటు, అరండేలు భారతీయ బాలురకై ప్రత్యేక సంఘమును స్థాపించిరి. ఉత్తరదేశమున మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజపేయి సేవాసమితి దళములను నిర్మించిరి. 1921లో బేడెన్ పవెల్ మనదేశమునకు వచ్చినపుడు బిసెంటు సంఘము ఆయన సంస్థతో కలిసినది. సేవాసమితి వేఱుగనే నిలిచెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1950 నవంబరు 7న, వేర్వేరు సంఘములు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఏకసంస్థగా రూపొందెను. 1953లో ఆ సంస్థ తొలి జాతీయ జాంబూరీ జరిగిన నగరము మన హైదరాబాదు. ఒకనాడు వాకిట నిలిపివేయబడిన బాలుడు నాడు తానే ఆతిథేయుడయ్యెను.

కావున కుటుంబములతో రెండు దినముల శిబిరము తలపెట్టు పెద్దలు డేరాల లెక్కకు ముందు ఈ చరిత్రను తలచుకొనుట మంచిది. రుసుము కట్టలేక ఏ యింటి బిడ్డ ఆగిపోవునో ముందు విచారింపవలెను. ఏమి తినిపింతురో, రాత్రి కావలి ఎవరిదో ఇంటింటికి ముందే తెలుపవలెను. వచ్చిన తల్లిదండ్రులు తమ బిడ్డ ప్రక్కనే తిష్ఠ వేయక, నీరు తెచ్చువారు నీరు తెచ్చి, కట్టెలు కొట్టువారు కట్టెలు కొట్టి, నాయకత్వము బాలునకే విడువవలెను. ఒకే వీధివారిని ఒకే డేరాలో నుంచక కలగలుపుగా నుంచవలెను.

నెగడు రెండవ రాత్రి యారిపోవును, డేరాలు మూడవనాటి యుదయమున మడచి మూటగట్టుదురు. ఆ రెండు రాత్రులు తన ప్రక్కన పండుకొన్న ఎఱుగని యింటి బాలుని పేరు మాత్రము, పిల్లవాడు ఇంటికి తెచ్చుకొనును.