ఆన్‌లైన్ టికెట్లు: టికెట్ రూ.250.. కట్టేది రూ.285! కన్వీనియన్స్ ఫీజుపై రూల్స్ ఏం చెబుతున్నాయి?

సినిమా అయినా, మ్యూజికల్ నైట్ అయినా ఇప్పుడు టికెట్ అంటే ఫోన్‌లోనే. సీటు ఎంచుకునేటప్పుడు ఒక రేటు కనిపిస్తుంది. పేమెంట్ పేజీకి వచ్చేసరికి ఇంకో రేటు. ఈ తేడా ఎక్కడిది? అడిగే హక్కు మనకుందా?

ఫీజు లెక్క ఇదీ

ఉదాహరణకు టికెట్ రూ.250, కన్వీనియన్స్ ఫీజు రూ.30 అనుకుందాం. ఆ ఫీజుపై 18 శాతం జీఎస్టీ, అంటే మరో రూ.5.40. మొత్తం రూ.285.40. చాలా యాప్‌లలో ఈ ఫీజు టికెట్‌కు ఇంత అని పడుతుంది. బుకింగ్ ఒక్కటే అయినా, నాలుగు టికెట్లు తీసుకుంటే అదనంగా కట్టేది రూ.141.60.

ఫీజు వసూలు చేయడం తప్పా?

కాదు. ఆన్‌లైన్ టికెట్లపై ఈ ఫీజు తీసుకోవద్దంటూ మహారాష్ట్ర ప్రభుత్వం 2013, 2014లో ఇచ్చిన ఉత్తర్వులను బాంబే హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. వ్యాపారం చేసుకునే హక్కుకు అవి విరుద్ధమని స్పష్టం చేసింది.

మరి తప్పు ఎక్కడ?

దాచిపెట్టడంలో. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ (సీసీపీఏ) 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్‌పై మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాల మోసపూరిత పద్ధతులను నిషేధించింది. టికెట్లు కొనేవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సినవి మూడు:

- డ్రిప్ ప్రైసింగ్: అసలు ధర ముందు చెప్పకుండా చివర్లో చార్జీలు కలపడం.
- బాస్కెట్ స్నీకింగ్: అడక్కుండానే విరాళం, ఇన్సూరెన్స్ లాంటివి బిల్లులో చేర్చడం.
- ఫాల్స్ అర్జెన్సీ: సీట్లు ఉన్నా అయిపోతున్నాయంటూ తొందరపెట్టడం.

ముందే టిక్ పెట్టిన బాక్సులతో మన అంగీకారం తీసుకోవడం 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం కూడా కుదరదు.

క్యాన్సిల్ అయితే?

మనం రద్దు చేసుకుంటే చార్జీ వేసే ప్లాట్‌ఫామ్, తానే ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీనే భరించాలి. లేదంటే మన దగ్గర వసూలు చేయకూడదు. ఇదీ 2020 రూల్సే చెబుతున్నాయి. ఇక షో రద్దైనా ఫీజు తిరిగివ్వం అనే కండిషన్‌ను ప్రశ్నించే దారి ఉంది. వినియోగదారుడికి నష్టం చేసే అసమంజసమైన షరతులను 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’గా చూస్తుంది. ‘ఐ అగ్రీ’ నొక్కాం కదా, ఇంకేం చేయలేం అనుకోవాల్సిన పనిలేదు.

అమెరికాలో ఎలా?

అక్కడి మనవాళ్లు కొనే కాన్సర్ట్ టికెట్లకు 2025 మే 12 నుంచి కొత్త రూల్ ఉంది. తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరే ముందుగా చూపించాలి.

ఫిర్యాదు ఇలా చేయండి

1. సీటు పేజీ, పేమెంట్ పేజీ రెండింటి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.
2. ముందు ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.
3. పని కాకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయండి.
4. అప్పటికీ తేలకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా అక్కడికి వెళ్లక్కర్లేదు. గడువు రెండేళ్లు. సేవకు కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు.

ముప్పై రూపాయలే కదా అని వదిలేసే ముందు, పే బటన్ పైన ఉన్న బిల్లు వివరాలు ఒక్కసారి తెరిచి చూడండి.