పెద్దరోగం పుట్టుపూర్వోత్తరాలు

గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్ళు కుష్ఠు అనే మాటను పలికేవారు కాదు. "పెద్దరోగం" అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఇంట్లో ఒకరికి వచ్చిందని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధాలు రావు. కంచం వేరు, మంచం వేరు, చివరికి పెరటి చివర పాక వేరు. జబ్బు నయమై ఇరవై ఏళ్ళయినా ఆ మనిషి పేరు ముందు జబ్బు పేరు తగిలించి చెప్పుకునేవారు.

ఈ భయం చాలా పాతది. దాన్ని విప్పడానికి ఒక్క వైద్యం చాలలేదు, మూడు చదువులు కలవవలసి వచ్చింది: క్రైస్తవ వేదాంతం, అణుజీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం. మామూలుగా ఈ మూడు చదువుల పండితులూ ఒకే బల్ల దగ్గర కూర్చోరు. ఈ జబ్బు వాళ్ళను కూర్చోబెట్టింది. ఆ కథలో మన కోనసీమ జిల్లాకూ చోటుంది.

2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు గౌతమి అవతలి గట్టున ఉన్న రామచంద్రపురాన్ని కూడా అందులో కలిపారు. 1900 ప్రాంతంలో ఆ ఊళ్ళో కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రమం వెలిసింది. పేరు డాక్టర్ కెల్లాక్ హోమ్. దాన్ని నడిపింది కెనడియన్ బాప్టిస్ట్ మిషనరీ ఇసబెల్ హాచ్. ఆమె 1886లో మన దేశం వచ్చారు. ఆమె మిషన్‌కు పునాది మాత్రం తెలుగువాడే వేశాడు. తంతి ఆఫీసులో పనిచేసిన థామస్ గాబ్రియేల్ కాకినాడలో సొంతంగా మొదలుపెట్టిన పనిని, కెనడాకు చెందిన జాన్ మెక్లారిన్ 1874లో అందుకున్నాడు. అదే 1874లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో వెల్స్లీ బెయిలీ అనే ఉపాధ్యాయుడు "మిషన్ టు లెపర్స్" స్థాపించాడు. అంతకు కొన్నేళ్ళ ముందు పంజాబు ప్రాంతంలోని అంబాలాలో రోగులను చూసి చలించిపోయిన మనిషి అతను. ఆ సంస్థ సాయంతో రామచంద్రపురం ఆశ్రమం నిలబడింది.

అమలాపురం వైపు నుంచి అక్కడికి పోవాలంటే ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి కోటిపల్లిలో దిగాలి. రాజోలు వైపు వాళ్ళయితే సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ దాటి నరసాపురం చేరేవారు. అక్కడ బ్రదరెన్ మిషన్ వాళ్ళ బెతెస్ద కుష్ఠు ఆసుపత్రి ఉంది. వేళ్ళు ముడుచుకుపోయిన మనిషి రేవులో నిలబడితే పక్కవాళ్ళు ఎలా జరిగేవారో ఊహించుకోవడం కష్టం కాదు.

అలా జరగమని చెప్పింది ఎవరు? మొదట వైద్యగ్రంథాల సంగతి. సుశ్రుత సంహితలో కుష్ఠం 18 రకాలు. వాటిలో గజ్జి, తామర వంటి చర్మవ్యాధులూ ఉన్నాయి, స్పర్శ పోయే అసలు జబ్బూ ఉంది. తువరక నూనెతో చికిత్స చెప్పిన ఆ గ్రంథమే పాపకర్మను కూడా కారణాల్లో ఒకటిగా చెప్పింది. జబ్బు ఈ దేశానికి కొత్త కాదు. రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దొరికిన ఒక అస్థిపంజరంలో కుష్ఠు గుర్తులున్నాయని 2009లో పరిశోధకులు ప్రకటించారు. అది సుమారు నాలుగు వేల ఏళ్ళ నాటిది.

ఇక బైబిలు. లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో యాజకుడు రోగిని పరీక్షించి పాళెం వెలుపల ఉంచే విధానం ఉంది. తెలుగు బైబిలు దాన్ని కుష్ఠు అనే అంది. మిర్యాము, గేహజీ, ఉజ్జియా రాజు చేసిన తప్పుకు ఈ జబ్బే శిక్షగా వచ్చినట్టు పాత నిబంధన కథలు చెబుతాయి. దాంతో "కుష్ఠు పాపానికి సాదృశ్యం" అన్న ప్రసంగం మన చర్చిల్లో స్థిరపడింది. రెండు వేరు వేరు మతాల వాళ్ళు, పక్కపక్క పేటల్లో ఉంటూ, రోగి మీద ఒకే తీర్పు చెప్పారు: వీడు ఏదో చేసుకున్నాడు, అందుకే అనుభవిస్తున్నాడు.

వేదాంత పండితులు ఈ అధ్యాయాలను వైద్యుల పక్కన కూర్చుని మళ్ళీ చదివింది 20వ శతాబ్దం రెండో సగంలో. ఆఫ్రికాలో కుష్ఠు వైద్యం చేసిన మిషనరీ డాక్టరు స్టాన్లీ బ్రౌన్ 1970లో బైబిల్లోని కుష్ఠు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. 1975లో ఇ. వి. హల్స్ అనే వైద్యుడి వ్యాసం వచ్చింది. వాళ్ళు ఎత్తి చూపిన విషయాలు బైబిల్లోనే ఉన్నాయి, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. హెబ్రీ మూలంలోని "సారాయత్" మనిషి చర్మానికే కాదు, ఉన్ని బట్టకు, నారబట్టకు, తోలుకు, ఇంటి గోడకు కూడా వస్తుంది. పచ్చగానో ఎర్రగానో మరకలు పడుతుంది. గోడకు వచ్చేది బూజు, కుష్ఠు కాదు. యాజకుడు రోగిని ఏడు రోజులు ఉంచి మళ్ళీ చూస్తాడు. అసలు కుష్ఠు ఏడు రోజుల్లో ఏమీ మారదు. అన్నిటికంటే ముఖ్యం, స్పర్శ పోవడం గురించి, వేళ్ళు వంకరపోవడం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు.

మరి ఈ ముడి ఎలా పడింది? హెబ్రీ మాటను గ్రీకులోకి తెచ్చినవాళ్ళు "లెప్రా" అన్నారు. గ్రీకు వైద్యంలో అది పొలుసులు రాలే చర్మవ్యాధి. అసలు కుష్ఠును గ్రీకు వైద్యులు "ఎలిఫాంటియాసిస్" అనేవారు. 11వ శతాబ్దంలో అరబ్బీ వైద్యగ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చిన కాన్‌స్టంటైన్ అసలు జబ్బుకు "లెప్రా" అనే పేరు పెట్టాడు. దాంతో లేవీయకాండంలోని అశుద్ధత అంతా, తనకు సంబంధం లేని ఒక జబ్బు నెత్తిన పడింది. శతాబ్దాల తరబడి ఎన్ని లక్షల మంది ఈ పొరపాటుకు ఊరి బయట బతికి చచ్చిపోయారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

1873లో నార్వేలోని బెర్గెన్‌లో గెర్హార్డ్ హాన్సెన్ ఈ జబ్బుకు కారణం ఒక సూక్ష్మజీవి అని కనుగొన్నాడు. దానితో పాపం సంగతి తేలిపోవాలి. తేలలేదు, దాని మీద అంటువ్యాధి భయం వచ్చి చేరింది. 1889లో హవాయిలోని మొలొకాయి దీవిలో రోగులకు సేవ చేస్తూ ఫాదర్ డేమియన్ అదే జబ్బుతో చనిపోవడంతో ఐరోపా అంతా ఉలిక్కిపడింది. 1890-91లో మన దేశమంతా తిరిగిన లెప్రసీ కమిషన్ ఇది చాలా తక్కువగా అంటుకునే జబ్బు అనే చెప్పింది. అయినా ప్రభుత్వం 1898లో లెపర్స్ చట్టం తెచ్చి, బిచ్చమెత్తే రోగులను నిర్బంధించే అధికారం తీసుకుంది.

కెల్లాక్ హోమ్ వంటి ఆశ్రమాలు వచ్చింది సరిగ్గా ఆ కాలంలో. నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. ఎవరూ ముట్టుకోని మనుషుల పుండ్లు కడిగి కట్టు కట్టినవాళ్ళకు ఈ నేల రుణపడి ఉంది. అయితే విరాళాల కోసం విదేశాల్లో అచ్చువేసిన కరపత్రాల్లో అదే "లేవీయకాండపు కుష్ఠురోగి" బొమ్మ మళ్ళీ మళ్ళీ కనిపించింది. పాశ్చాత్య దేశాల్లో చల్లారిన భయాన్ని వలసపాలన, మిషన్ల ప్రచారం కలిసి తిరిగి రాజేశాయని జాకరీ గుస్సో 1989లో తన పుస్తకంలో వాదించాడు. సేవా నిజమే, ఈ విమర్శా నిజమే.

తెలుగువారి మధ్య పనిచేసిన కెనడియన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ డేవిస్‌కు ఇదే జబ్బు వచ్చింది. స్వదేశం వెళ్ళి, న్యూ బ్రన్స్‌విక్‌లోని ట్రకాడీ కుష్ఠు ఆశ్రమంలో చివరి రోజులు గడిపాడు. తన ఆత్మకథకు "ఒక కుష్ఠురోగి జీవితకథ" అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నాడు. ఇది పాపఫలం అయితే, సువార్త చెప్పడానికి వచ్చిన అతనికి ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్నకు పాత వేదాంతం దగ్గర జవాబు లేదు.

జవాబు వెతికిన వాళ్ళలో నాకు అందరికంటే దగ్గరైనవాడు పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లోని మిషనరీ దంపతులకు 1914లో పుట్టి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడయ్యాడు. వేళ్ళు కుళ్ళి రాలిపోతాయనే అందరూ నమ్మేవారు. ఆయన రోగుల చేతులను ఓపికగా గమనించి తేల్చింది వేరు: జబ్బు వేళ్ళను తినదు, నరాలను చంపుతుంది. నొప్పి తెలియని మనిషి వేడి గిన్నె పట్టుకుంటాడు, మేకు మీద నడుస్తాడు, పుండు మీదే పని చేస్తాడు. అలా గాయాల మీద గాయాలై వేళ్ళు అరిగిపోతాయి. ఆయన కండర తాళ్ళను మార్చి కుట్టి, ముడుచుకున్న చేతులను తెరిచాడు. ఆ అనుభవంలోంచే నొప్పి దేవుడిచ్చిన వరం అనే ఆలోచన పుట్టింది, దాని మీద ఫిలిప్ యాన్సీతో కలిసి పుస్తకాలు రాశాడు. నొప్పిని శిక్షగా చూసే వేదాంతాన్ని నరాల శాస్త్రంతో తిరగరాసిన మనిషి ఆయన.

నరాల మీదే ఈ జీవికి ఎందుకంత ఆశ? దానికి అణుజీవశాస్త్రం రావాలి. ఈ సూక్ష్మజీవి ప్రయోగశాలలో ఏ ఆహారం పెట్టినా పెరగదు. రెండుగా చీలడానికి 12 నుంచి 14 రోజులు తీసుకుంటుంది. 1960లో ఎలుక పాదంలో, 1971లో అమెరికా ఖండపు అర్మడిల్లో అనే జంతువులో పెంచగలిగాకే పరిశోధన కదిలింది. 1990ల చివర శ్రీలంక మూలాలున్న అనుర రంబుక్కన బృందం ఆ జీవి నరాల చుట్టూ ఉండే ష్వాన్ కణాలకు ఎలా అతుక్కుంటుందో చూపింది. దాని పైపొరలోని ఒక ప్రత్యేకమైన కొవ్వు, ఆ కణాలను చుట్టి ఉండే లామినిన్ అనే ప్రొటీనును పట్టుకుంటుంది.

2001లో స్టువర్ట్ కోల్ బృందం దీని పూర్తి జన్యుపటం ప్రకటించింది. అందుకు వాడిన నమూనా తమిళనాడు రోగి నుంచి వచ్చింది. పొడవు సుమారు 32 లక్షల 70 వేల అక్షరాలు. అందులో పనిచేసే జన్యువులు 1,600 ప్రాంతం మాత్రమే. మరో 1,100కు పైగా జన్యువులు పాడైపోయి పనికిరాకుండా పడి ఉన్నాయి. దగ్గరి చుట్టమైన క్షయ క్రిమికి దాదాపు 4,000 జన్యువులుంటే, ఇది తన సంపదను పోగొట్టుకుని మనిషి కణం దయ మీద బతికే స్థితికి వచ్చింది. పాడుబడిన పెంకుటిల్లులా, గోడలున్నా గదులు వాడకంలో లేవు. ఇంత దుర్బలమైన జీవిని చూసి మనం మనుషులను వెలివేశాం. నూటికి 95 మందికి పుట్టుకతోనే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. ఆ మిగతా వాళ్ళకు ఎందుకు వస్తుందన్న దానికి జన్యువుల్లో కొంత జవాబుంది. దక్షిణ భారత కుటుంబాలపై జరిగి 2001లోనే వచ్చిన మరో అధ్యయనం 10వ క్రోమోజోములోని ఒక భాగాన్ని చూపింది. పూర్వజన్మ పాపం వెతికిన చోట శాస్త్రం క్రోమోజోము చూపించింది.

అణుజీవశాస్త్రం తిరిగి వేదాంతం వాకిట్లోకి వచ్చిన సందర్భం ఒకటుంది. యెరూషలేము దగ్గర అకెల్దమలో క్రీ.శ. 1వ శతాబ్దపు సమాధిలో, వస్త్రంలో చుట్టిన మనిషి అవశేషాల్లో కుష్ఠు క్రిమి డీఎన్ఏ దొరికిందని 2009లో ప్రకటించారు. అంటే యేసు కాలానికి అసలు జబ్బు ఆ ఊరికి చేరింది. మార్కు సువార్తలో యేసు చెయ్యి చాపి ముట్టిన రోగికి ఏ జబ్బున్నా, ఆ ముట్టుకోవడమే అక్కడ ముఖ్యం. లేవీయకాండం పేరుతో దూరం పెట్టేవాళ్ళు ఆ అధ్యాయం కూడా చదవాలి.

మందు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1940ల్లో డాప్సోన్ వచ్చింది. ఒక్క మందుకు క్రిమి అలవాటుపడటంతో, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ కలిపిన బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. మొదటి మోతాదులతోనే రోగి ఇతరులకు అంటించే స్థితి పోతుంది. హైదరాబాదు చర్లపల్లిలో లెప్రా సంస్థ బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం ఇప్పటికీ ఈ క్రిమి మీద పనిచేస్తోంది.

మందుతో క్రిమి చచ్చినా మనిషి కోలుకోకపోవడం చూసి మనస్తత్వశాస్త్రం రంగంలోకి దిగింది. 1963లో ఎర్వింగ్ గోఫ్‌మన్ "స్టిగ్మా" అనే పుస్తకంలో సమాజం వేసిన మచ్చ మనిషి తన గురించి తాను అనుకునేదాన్నే ఎలా మారుస్తుందో వివరించాడు. 1992లో మిచెల్ వైస్ బృందం ముంబయి కుష్ఠురోగులను బొల్లి ఉన్నవాళ్ళతోనూ, మామూలు చర్మవ్యాధి ఉన్నవాళ్ళతోనూ పోల్చి చూసింది. ప్రశ్నలు సాదావే: ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నావు, ఎవరికైనా చెప్పావా, పెళ్ళికి అడ్డా. ఆ జవాబుల్లోంచి దాచుకోవడాన్ని కొలిచే పద్ధతి పుట్టింది. ఇక్కడే మూడు దారులూ కలిశాయి. జబ్బు బయటపడితే పరువు పోతుందని మచ్చను దాచుకున్న మనిషి ఆలస్యంగా వస్తాడు. ఆలోపు నరం చస్తుంది. పాపమనే నమ్మకం అలా చేతివేళ్ళ దాకా వస్తుంది.

చట్టాలు మరీ నెమ్మదిగా కదిలాయి. 1898 నాటి లెపర్స్ చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధన 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టంలోనూ, 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనూ 2019 దాకా ఉండిపోయింది. పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ రోగులున్న స్థాయికి దేశం 2005 చివరికి చేరింది. అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా, అంటే లక్ష దాకా, మన దేశంలోనివే.

కోనసీమలో ప్రతి ఆదివారం ప్రసంగించే దైవసేవకులకు నాదొక విన్నపం. పాత నిబంధనలో కుష్ఠు నయమైన నయమాను కథ చెప్పేటప్పుడు, ఆ జబ్బు ఈనాటి కుష్ఠు కాదని, ఈనాటి కుష్ఠు పాపం వల్ల రాదని ఒక్క మాట కలపండి. వినేవాళ్ళలో ఎవరి చొక్కా కింద మచ్చ ఉందో మీకు తెలియదు. చదివేవాళ్ళకూ ఒక మాట: ఒంటి మీద మిగతా చర్మం కంటే పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే దాచుకోకండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు చూపించండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మందు ఉచితం. ఆరు నెలల నుంచి ఏడాది లోపు జబ్బు పూర్తిగా నయమవుతుంది.