మొగిలయ్య పక్కన పాడిన మనిషి

2024 డిసెంబర్ 19న పస్తం మొగిలయ్య చనిపోయిండని తెలిసినప్పుడు మా వర్ధన్నపేట పిల్లల స్టేటస్‌ల నిండా 'బలగం' చివరి పాటే. దుగ్గొండి బుడగ జంగాల బిడ్డను లోకం గుర్తుపట్టింది 2023 మార్చిలో, ఆ సినిమాతోనే.

రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేటోళ్ల మీద కెమెరా ఎక్కువసేపు ఆగదు. పాట బరువు మోసేది మాత్రం వాళ్లే. కథలో వంత కూడా అంతే. తెరమీద మొగిలయ్యతో కలిసి పాడింది ఆయన భార్య కొమురమ్మ. నేను చూసిన నివాళుల్లో చాలావాటికి ఆమె ఉత్త 'భార్య'. (తెలుగు చదువుకున్నోళ్లు రాసినవి కూడా!)

ఈ మరపు కొత్తది కాదు మిత్రులారా. జంగం కథలోంచే బుర్రకథ వచ్చింది. 1940లలో ప్రజానాట్యమండలి దాన్ని పోరాట వేదికలెక్కించింది. షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. నాజర్ గొప్పోడే, అందులో పేచీ లేదు. పరీక్షల్లో బుర్రకథ మీద వ్యాసం రాసే పిల్లలకు ఆయన పేరు తెలుసు, ఆ కథను తరాలుగా మోసుకొచ్చిన కులం పేరు తెల్వదు. ఆ కులపోళ్లు ఇంకా పెద్దకర్మ జరిగే ఇంటిముందు బియ్యం కోసం పాడుతనే ఉన్నరు.

మొగిలయ్య పోయిన నాలుగు నెలలకు, 2025 ఏప్రిల్ 14న, తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకొచ్చింది. 59 కులాల్లో అందరికన్నా వెనుకబడ్డ 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చిండ్రు. బుడగ జంగాలు అందులోనే ఉన్నరు.